మూడో ఎండాకాలం కూడా ఈ నీళ్ల అర కుండీలతోనే

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా వరండాలో కుండీల వైపు చూడటం నాకు ఏళ్లనాటి అలవాటు. ఎండాకాలం వచ్చిందంటే ఆ చూపులో భయం ఉండేది. పొద్దున నిండుగా నీళ్లు పోసి వెళ్లిన మందారం సాయంత్రానికి ఆకులు వేలాడేసుకుని, విచ్చాల్సిన మొగ్గలు కింద రాల్చుకుని కనిపిస్తే మనసు చివుక్కుమనేది. అడుగున నీళ్ల అర ఉండే సెల్ఫ్ వాటరింగ్ కుండీలు ఆరు తెచ్చుకుని వాడటం మొదలుపెట్టాక ఇది మూడో ఎండాకాలం. ఆ భయం పోయింది. కింద ఎన్ని లోపాలు చెప్పినా, ఆ ఒక్క కారణంతో వీటిని వదులుకోలేకపోతున్నాను.

అసలు గొప్పంతా అందులోని ఒత్తిది. దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టే, ఇది కింది అరలో నీళ్లు పీల్చి పైన మట్టికి అందిస్తుంది. పై తడి తగ్గేకొద్దీ కింది నుంచి ఎక్కుతుంది. మొదటి ఎండాకాలం ఆరు రోజులు ఇంట్లో లేను. తిరిగొచ్చి తలుపు తాళమైనా తీయకముందే పుదీనా కుండీ ముందు కూర్చున్నాను. ఒక్క ఆకు వాడలేదు. వేలు మట్టిలోకి రెండు కణుపులు దించి చూస్తే, తడి గుడ్డను ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. ఆ రోజు కలిగిన సంతోషంతో కనిపించిన వాళ్లందరికీ ఈ కుండీలే కొనమని చెప్పాను.

రెండో ఎండాకాలంలో ఆ మాట కొంచెం మార్చుకోవాల్సి వచ్చింది.

మందారం కుండీకి పక్కన ఒక గొట్టం, అందులో నీటి మట్టం చూపించే ఎర్రటి ఫ్లోట్ ఉన్నాయి. మంచి ఎండల్లో ఒక రోజు మొక్క వాడింది. ఫ్లోట్ చూస్తే పైనే ఉంది, అంటే అర నిండుగా ఉన్నట్టు. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా ఆకులు అలాగే వేలాడతాయి కదా, అదే జరిగిందనుకుని నీళ్లు పోయడం మానేశాను. నా తప్పు అదే. రెండో రోజుకి కింది ఆకులు పసుపెక్కాయి, మూడో రోజు మొగ్గలన్నీ రాలాయి. నీడలోకి జరుపుదామని కుండీ ఎత్తితే బరువే లేదు! ఖాళీ డబ్బా లేచినట్టు లేచింది.

గొట్టం ఊడదీసి చూశాక విషయం అర్థమైంది. తెల్లటి సన్న వేళ్లు జడలా అల్లుకుని గొట్టంలోకి పాకాయి. ఫ్లోట్ పైన ఉన్నప్పుడే దాన్ని పట్టేసి కదలనివ్వలేదు. కింద అర ఎన్ని రోజుల క్రితం ఎండిందో గానీ, ఫ్లోట్ మాత్రం నిండుగా ఉందనే చూపిస్తూ వచ్చింది. వేళ్లు కత్తిరించి అర నింపాను. అయినా ఫలితం లేదు, పైన మట్టి పూర్తిగా ఎండిపోతే ఒత్తి పనిచేయదు. పై నుంచి పోస్తే, మట్టి కుంచించుకుపోయి కుండీ గోడకీ మట్టికీ మధ్య సందు పడింది, నీళ్లు ఆ సందులోంచి జారిపోయాయి. చివరికి కుండీని అలాగే పెద్ద టబ్బులో నీళ్లలో దించి, బుడగలు ఆగేదాకా అరగంట ఉంచాను. రెండు కొమ్మలు పోయాయి. రెండు వారాలకు మొదలు దగ్గర గోరంత చిగురు కనిపించింది. అది చూశాకే నాకు ఊపిరి ఆడింది.

అప్పటి నుంచి ఫ్లోట్ వైపు చూడను. వారానికోసారి కుండీని ఒక పక్కకి కొంచెం వంచి బరువు చూస్తాను. నెలకోసారి గొట్టం తీసి వేళ్లు కత్తిరిస్తాను.

ఇంకొన్ని తర్వాత తెలిశాయి. నీళ్లు ఎప్పుడూ కింది నుంచి పైకే వెళ్తాయి కాబట్టి, ఎరువులోని లవణాలు పైనే మిగిలిపోయి మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. మొదట దాన్ని బూజు అనుకున్నాను. నెలకోసారి అడుగున బిరడా తీసి, పై నుంచి ధారాళంగా నీళ్లు పోసి కడిగేస్తే తగ్గుతోంది. అరలో నిలిచిన నీళ్లు దోమలకు ఇల్లే, వేడిలో వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. అందుకే నీళ్లు పోసే రంధ్రానికి సన్న జాలీ కట్టాను. కుండీతో వచ్చిన నూలు ఒత్తి మొదటి ఏడాదే చీకిపోయింది. నైలాన్ తాడు వేశాక ఇప్పటిదాకా మార్చలేదు. మామూలు తోటమట్టి నింపితే అది తడికి ముద్ద కట్టి వేళ్లకు గాలి ఆడనివ్వదు. కోకోపిట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), పెర్లైట్ (గుల్లగా ఉండే తెల్లటి రాతి పలుకులు) కలిపిన తేలికపాటి మిశ్రమమే దీనికి సరిపోతుంది.

అన్ని మొక్కలకీ ఇవే కుండీలని అప్పట్లో అన్న మాట కూడా తప్పే. కాగితపు పూల మొక్క వేస్తే ఏపుగా ఆకులే వేసింది, ఒక్క పువ్వు పూయలేదు. దానికి మధ్యమధ్యలో మట్టి ఎండాలి. మామూలు మట్టి కుండీలోకి మార్చాక మళ్లీ పూసింది. నాచుపూల మొదళ్లు నిత్యం తడికి కుళ్లాయి. కలబంద సంగతి చెప్పనక్కర్లేదు. పుదీనా, మందారం, టమాటా, క్రోటన్లు మాత్రం వీటిలో సుఖంగా ఉన్నాయి. టమాటా విషయంలో ఒక మాట: గట్టి ఎండల్లో నీళ్లు ఎంత సమంగా అందినా పూత రాలుతూనే ఉంది. అది వేడి చేసే పని, కుండీని తప్పుపట్టను.

మా వరండాకి పడమటి ఎండ తగులుతుంది. పగలంతా ఇంట్లో ఉండను, నెలలో కొన్ని రోజులు ఊళ్లోనే ఉండను. ఇలాంటి బతుకులో ఈ కుండీలు నాకు పెద్ద ఆసరా. రోజూ పొద్దున సాయంత్రం మొక్కల దగ్గర నిలబడే తీరిక ఉన్నవాళ్లకి, తూర్పు వరండా ఉన్నవాళ్లకి ఇంత అవసరం లేదేమో. ఆరింటిలో నాలుగే ఇప్పుడు వాడుతున్నాను, మిగతా రెండూ ఖాళీగా ఉన్నాయి. ఇంకోటి కొనాల్సి వస్తే మాత్రం ఫ్లోట్ లేకుండా, నీళ్లు బయటికి కనిపించేలా అర పారదర్శకంగా ఉన్నదే వెతుక్కుంటాను.