మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం సలహా కేంద్రం: ఒక తల్లి అభిప్రాయం

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను.

ఫలితాలు వచ్చాయంటే అమలాపురం గడియార స్తంభం చుట్టూ ర్యాంకుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటిలో ఉండేది ముందు బెంచీ పిల్లలే. మిగతావాళ్లు ఏమయ్యారో ఆ ఫ్లెక్సీలు కట్టినవారు చెప్పరు. మా ఊరి గ్రంథాలయంలో రిటైరైన ఉపాధ్యాయులు కొందరు ఆ లెక్క రాస్తున్నారు. పది, ఇంటర్ అయిన పిల్లలకు ఆదివారం ఉదయం ఉచితంగా సలహా చెబుతారు. ఈ ఏడాది మా అమ్మాయిని తీసుకువెళ్లాను.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వాళ్ల రిజిస్టరు. ఊళ్లో పది పరీక్ష రాసిన ప్రతి ఒక్కరికీ, పాసైనా తప్పినా, అందులో ఒక వరుస ఉంది. ఎక్కడ చేరారు, ఏ బస్సు మీద వెళ్తున్నారు, రెండేళ్ల తర్వాత ఇంకా చదువుతున్నారా, ఆగిపోతే ఎందుకు. ఆ చివరి గడిలో ‘బస్సు లేదు’, ‘పెళ్లి’, ‘నాన్నకు జబ్బు’ అని మాస్టారి చేతిరాత. చదువుతుంటే గుండె బరువెక్కింది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22లో స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతం అని తేల్చింది. 18-23 ఏళ్ల జనాభాతో పోల్చి కాలేజీల్లో పేరున్నవారిని లెక్కించే సంఖ్య అది. మధ్యలో మానేసిన పిల్ల ఎందుకు మానేసిందో అందులో కనిపించదు. పిల్లల్ని చదువుకూ ఉద్యోగానికీ ఒక ఊరు ఎంత బాగా సిద్ధం చేసిందో తెలియాలంటే ఆ చివరి గడే చూడాలని నా గట్టి నమ్మకం.

మా అమ్మాయిది బైపీసీ. నర్సింగ్ తప్ప ఇంకేమీ తోచని స్థితిలో వెళ్లాం. మాస్టారు మార్కుల కన్నా ముందు, ‘నాన్న ఏం చేస్తారమ్మా?’ అని అడిగారు. రొయ్యల చెరువులని చెప్పగానే బీఎఫ్‌ఎస్సీ, అంటే చేపలు, రొయ్యల పెంపకం నేర్పే డిగ్రీ గురించి వివరించారు. నాలుగేళ్ల కోర్సు, ఈఏపీసెట్ ద్వారా ప్రవేశం, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కళాశాల. ఆ వెంటనే రిజిస్టరు తిరగేసి, అక్కడే చదువుతున్న మా పక్క వీధి అమ్మాయికి ఫోను కలిపారు. హాస్టలు భోజనం దగ్గర నుంచి హ్యాచరీల్లో, మేత కంపెనీల్లో దొరికే ఉద్యోగాల వరకు ఆ పిల్ల చెప్పినంత వివరంగా మాకు ఇంకెవరూ చెప్పలేదు. మా వెనక కూర్చున్న అబ్బాయి పది తప్పాడు. ఎనిమిది పాసైతే చాలు, ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాదిలో పూర్తవుతుందని చెప్పి, అతనితో కూడా అంతే ఓపికగా మాట్లాడారు.

ఒక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, లంకల్లో, అంటే గోదావరి మధ్య దీవుల్లో ఉండే కుటుంబాల వరుసలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. కాలేజీ సీట్ల కౌన్సెలింగ్, వరద ఒకే కాలంలో వస్తాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో, పడవ దాటి వచ్చి ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం ఆ పిల్లలకు ఎలా సాధ్యం? గల్ఫ్ వెళ్లినవారి గడిలో ‘కువైట్’ అని మాత్రమే ఉంది. అక్కడ ఏ పని, ఎంత జీతం, తిరిగి వచ్చి ఏం చేస్తున్నారు? అవి కూడా రాయాలి. ఇంటిపనికి వెళ్లిన ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం.

మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది గోదావరికి ఎర్రనీరు రాకముందే, జూన్‌లోనే, రిజిస్టరు పట్టుకుని ఒక ఆదివారం లంకలోకి వెళ్లండి. రాసిపెట్టడానికి మా అమ్మాయి వస్తానంటోంది.

వెళ్లేవారు హాల్ టికెట్, ఆరు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు వెంట తీసుకువెళ్లండి. తొమ్మిదికే చేరుకుంటే నిదానంగా మాట్లాడే వీలుంటుంది.