భవానీ నగర్ మేడమీది హార్డ్ డిస్క్ రిపేరు షాపు: నాలుగు స్టార్లు

పెళ్ళి వీడియోలు తీసే మాలాంటి వాళ్ళకు కెమెరా పోయినా ఇంత టెన్షన్ ఉండదు. కెమెరా ఇంకోటి కొనుక్కోవచ్చు. తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా!

మా స్టూడియోలో ఎడిటింగ్ చేసే కుర్రాడు 12 వోల్టుల ఎక్స్‌టర్నల్ డిస్కుకి ల్యాప్‌టాప్ అడాప్టర్ గుచ్చేశాడు. అది 19 వోల్టులది. పిన్ను రెండింటికీ పడుతుంది, అక్కడే వచ్చింది చిక్కు. ఆ తర్వాత సరైన అడాప్టర్ పెట్టినా లైటు లేదు, లోపల తిరిగే చప్పుడూ లేదు. ఈ సీజన్ పెళ్ళిళ్ళు, గంగమ్మ జాతర ఫుటేజీ అంతా కలిపి 1.4 టీబీ అందులోనే ఉంది.

ముందు తెలిసిన కంప్యూటర్ షాపుకి తీసుకెళ్తే, డబ్బా విప్పి చూడకుండానే "చెన్నై పంపాలి, దుమ్ము చొరబడని క్లీన్ రూమ్‌లో తెరవాలి, నలభై వేలవుతుంది" అన్నారు. తోటి ఫొటోగ్రాఫర్ ఒకాయన ఈ మేడమీది షాపు సంగతి చెప్పాడు. కింద జిరాక్స్, పక్కన ఇరుకు మెట్లు. బోర్డు కూడా సరిగా కనబడదు.

ఇతను మాత్రం మొదట డిస్కు అడుగున ఉన్న పచ్చ బోర్డు విప్పి తిరగేశాడు. పవర్ కనెక్టర్ పక్కన కందిబద్దంత నల్ల ముక్కలు రెండున్నాయి. టీవీఎస్ డయోడ్‌లట, ఒకటి 5 వోల్టుల లైనుకి, ఇంకోటి 12 వోల్టుల లైనుకి. మల్టీమీటర్ మొనలు మొదటిదానికి ఆనిస్తే ఉలుకూ పలుకూ లేదు. రెండోదానికి ఆనించగానే కీచుమని ఆగకుండా మోగింది. "షార్టయిందన్నా. ఎక్కువ కరెంటు ఇది మింగి, మిగతా బోర్డుని కాపాడింది" అన్నాడు. డిస్కు లోపల తిరిగే ప్లేట్లకి, వాటిని చదివే హెడ్‌లకి దెబ్బ తగిలితేనే క్లీన్ రూమ్ కావాలట, ఇది బోర్డు మీద పనే.

నాకు నచ్చింది రేటు ముందే తేల్చడం. చెకింగ్‌కి 500. డయోడ్‌తో పోతే మొత్తం 2,500. మోటారు చిప్ కూడా కాలి ఉంటే అదే మోడల్ బోర్డు వెతికి, పాత బోర్డు మీది ఎనిమిది కాళ్ళ రోమ్ చిప్ దానికి మార్చాలి, అప్పుడు 8,000 దాకా అవుతుందన్నాడు. ఆ చిప్‌లో ఆ డిస్కుకే సొంతమైన సెట్టింగులు ఉంటాయి కాబట్టి, ఇప్పటి డిస్కులకి ఎక్కడో పాత బోర్డు కొని బిగించుకుంటే సరిపోదట. నేను సరిగ్గా అదే చేద్దామనుకుంటూ మెట్లెక్కాను.

హాట్ ఎయిర్‌తో ఆ ముక్క లేపేశాడు, మళ్ళీ కొలిచాడు, బోర్డు బిగించి పవర్ ఇచ్చాడు. డిస్కు తిరగడం మొదలైంది. ఇంటికి పట్టుకెళ్తానంటే ఒప్పుకోలేదు. డయోడ్ లేకుండా డిస్కు నడుస్తుంది గానీ మళ్ళీ తేడా కరెంటు వస్తే అడ్డం ఏమీ ఉండదని, అక్కడే కొత్త డిస్కులోకి కాపీ పెట్టించాడు. సాయంత్రం దాకా కూర్చోవాల్సి వచ్చింది. ఫైళ్ళన్నీ వచ్చాయి.

వెళ్ళేవాళ్ళు ఖాళీ డిస్కు ఒకటి వెంట తీసుకెళ్ళండి. పాత డిస్కు డబ్బా, అందులోని చిన్న బోర్డు పారేయొద్దు. కొన్ని వెస్ట్రన్ డిజిటల్ మోడళ్ళలో డేటాకి తాళం ఆ బోర్డులోనే ఉంటుంది, అది లేకపోతే డిస్కు తిరిగినా ఫైళ్ళు తెరుచుకోవు.

ఇక లోపాలు. ఫోన్ ఎత్తడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చాడు. అన్నిటికంటే ఇబ్బంది, ఫైళ్ళు తెరిచి చూసే స్క్రీన్ బెంచీ మీద కూర్చున్నవాళ్ళ వైపే ఉంటుంది. మా కస్టమర్ల ఇంటి పెళ్ళి ఫొటోలు ముక్కూమొహం తెలియనివాళ్ళు తీరిగ్గా చూస్తుంటే నాకే సిగ్గేసింది. చెప్తే నవ్వి ఊరుకున్నాడు. ఆ స్క్రీన్ గోడవైపు తిప్పిన రోజు ఐదో స్టార్ ఇస్తాను.