కజల్స్ ఊళ్ళు: బార్సిలోనా, సాంత్ సాల్వదోర్, ప్రాద్

సెల్లో విద్వాంసుడు పాబ్లో కజల్స్ కోసం స్పెయిన్ వెళ్ళేవాళ్ళకి ముందే ఒక మాట చెప్తాను: రాత్రులన్నీ బార్సిలోనాలోనే బుక్ చేసుకోకండి. ఆయన పుట్టిన ఊరు ఎల్ వెండ్రెల్ అక్కణ్ణుంచి రైల్లో గంట పైచిలుకు. ప్రవాసంలో ఏళ్ళ తరబడి ఉన్న ఊరు ప్రాద్ సరిహద్దు దాటి ఫ్రాన్సులో ఉంది. ఆ రెండు చోట్లా ఒక్కో రాత్రయినా గడిపితేనే ఆ మనిషి ఏం వదులుకున్నారో తెలుస్తుంది.

మా అమ్మాయి సెల్లో, అంటే కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం, నేర్చుకుంటోంది. ఈ వాయిద్యం పట్టినవాళ్ళందరికీ జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఆరు సూట్‌లే (నాట్య బాణీల వరసలు) పెద్ద లక్ష్యం. అవి ఇవాళ ప్రపంచమంతా మోగుతున్నాయంటే అందులో కజల్స్ పుణ్యం చాలా ఉంది. 1890లో, పదమూడేళ్ళ వయసులో, నాన్నతో కలిసి బార్సిలోనా రేవు దగ్గర ఒక పాత సంగీత పుస్తకాల కొట్లో ఆయనకి ఆ ప్రతి దొరికింది. అప్పటికి వాటిని సాధన పాఠాలుగానే చూసేవారు, కచేరీలో ఒక సూట్‌ని మొదటినుంచి చివరిదాకా వాయించడం అరుదు. ఆయన పన్నెండేళ్ళకు పైగా వాటి మీద సాధన చేశాకే జనం ముందుకి తెచ్చారు. 1936 నుంచి 1939 మధ్య ఆరింటినీ రికార్డు చేశారు. మేం పెట్టుకున్న ప్రయాణమంతా ఆ రికార్డింగుల వెంటే సాగింది.

బార్సిలోనాలో బస విషయం. పాత ఊరి సందుల్లో ఉంటే అన్నీ నడిచి చూడొచ్చు గానీ రాత్రి రెండింటిదాకా కింద గోల తగ్గదు, పెద్ద సూట్‌కేసులతో ఆ రాళ్ళ దారుల్లో నరకం. గ్రాసియా పేట ప్రశాంతంగా ఉంటుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు కజల్స్ సాయంత్రాలు వాయించి డబ్బు సంపాదించుకున్న కెఫే తోస్త్ ఆ పేటలోనే ఉండేది. స్పెయిన్ స్వరకర్త ఇసాక్ అల్బేనిజ్ ఆ కుర్రవాడి వాయింపు విని మాడ్రిడ్‌కి సిఫారసు ఉత్తరం రాసిచ్చింది ఆ రోజుల్లోనే. మా ఓటు మాత్రం సాన్స్ స్టేషన్ దగ్గరి హోటళ్ళకి. చుట్టుపక్కల చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ ఈ యాత్రలో ఎక్కాల్సిన పెద్ద రైళ్ళన్నీ అక్కడే దొరుకుతాయి.

పలావ్ దె లా మ్యూజికా హాలుకి పగటిపూట గైడుతో టూర్ ఉంది, సాయంత్రం కచేరీలు ఉన్నాయి. డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే కచేరీకే పెట్టండి. 1908లో దొమెనెక్ ఇ మోంతానేర్ కట్టిన ఆ హాలు పైకప్పు రంగుటద్దాలు పగటి వెలుగులో బాగుంటాయి, నిజమే. కానీ టూర్‌లో గుంపుతో పాటు కదలాల్సిందే, కూర్చుని వినే అవకాశం తక్కువ. 1920లో కజల్స్ సొంత డబ్బు పోసి ఈ ఊళ్ళో ఒక ఆర్కెస్ట్రా పెట్టారు. 1926లో కార్మికుల కోసం ఒక కచేరీ సంఘం మొదలైంది, అతి తక్కువ చందాతో. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు ఆదివారం పొద్దున వచ్చి బీథోవెన్ వినేవారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే, రాణులూ రాష్ట్రపతుల ముందు వాయించడం కాదు. 1936 జులై 18న బీథోవెన్ తొమ్మిదో సింఫనీ రిహార్సల్ నడుస్తుండగా, సైనిక తిరుగుబాటు మొదలైంది, అందరూ ఇళ్ళకి వెళ్ళిపోవాలని కబురొచ్చింది. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో, చివరి భాగం వాయించి వెళ్దామా అని ఆయన అడిగారు. వాయించారు, పాడారు, విడిపోయారు.

ఎల్ వెండ్రెల్‌కి లోపలి మార్గం రైలు ద్రాక్షతోటల మీదుగా వెళ్తుంది. సముద్రం పక్కనుంచి వెళ్ళే ఇంకో రైలు సాంత్ విసెన్స్ దె కాల్దెర్స్ స్టేషన్‌కి చేరుతుంది. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఇంకోటి ఎక్కితే రెండూ చూసినట్టుంటుంది. సముద్రం వైపు రైల్లో గర్రాఫ్ సొరంగాల మధ్య నీళ్ళు ఒక్క క్షణం కనబడి మాయమవుతుంటాయి, బార్సిలోనా నుంచి వెళ్ళేటప్పుడైతే ఎడమవైపు కిటికీ పట్టుకోండి.

ఎల్ వెండ్రెల్ చిన్న ఊరు, పూట సరిపోతుంది. 1876 డిసెంబర్ 29న ఆయన పుట్టిన ఇల్లు సాంతా అన్నా వీధిలో ఉంది. ఇరుకైన ఇల్లు, నిటారు మెట్లు, పెద్దవాళ్ళతో వెళ్తే జాగ్రత్త. నాన్న కార్లెస్ చర్చిలో ఆర్గన్ వాయించేవారు. పిల్లవాడికి కాళ్ళు పెడల్స్‌కి అందగానే ఆ ఆర్గన్ ముందు కూర్చోబెట్టారట. అమ్మ పిలార్ ప్యూర్టోరికోలో పుట్టిన మనిషి. కొడుకుని వడ్రంగం పనిలో పెడదామని నాన్న అనుకుంటుంటే, సంగీతమే నేర్పించాలని పట్టుబట్టి పదకొండేళ్ళవాణ్ణి బార్సిలోనా తీసుకెళ్ళింది ఆవిడే.

తిండి సంగతి. ఈ ప్రాంతం షాతో అనే సలాడ్‌కి పేరు. దాని సాస్‌ని బాదం, ఎండు మిరప, వెల్లుల్లి వేసి నూరుతారు, మన రోటి పచ్చడికి దగ్గరి చుట్టం. అయితే ఆకుల మీద ఉప్పు చేప, ట్యూనా, ఆంచొవీ పడతాయి. శాకాహారులైతే చేపలు వద్దని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. మాకు నవ్వుతూ ఆకులూ సాస్‌తో ఇచ్చారు, పక్కన టమాటా రుద్దిన బ్రెడ్డు. కాల్చిన వంకాయ, మిరపకాయలతో చేసే ఎస్కలివాదా ఎక్కడైనా నమ్మకంగా తినొచ్చు.

సాంత్ సాల్వదోర్ ఎల్ వెండ్రెల్‌కే చెందిన బీచ్ పేట, నాలుగు కిలోమీటర్ల దూరం. సాంత్ విసెన్స్ స్టేషన్ నుంచి సామాను తక్కువైతే నడవొచ్చు. 1910 ప్రాంతంలో కజల్స్ అక్కడ ఇసుక పక్కనే ఇల్లు కట్టుకున్నారు, 1930ల్లో దాన్ని పెంచి, లోపలే కచేరీ హాలు పెట్టుకున్నారు. ఇప్పుడదే మ్యూజియం. యాత్రలో టికెట్ డబ్బులకి అన్నిటికన్నా ఎక్కువ విలువ దొరికింది ఇక్కడే. రెండు గంటలు కేటాయించండి. గదుల్లో ఆయన రికార్డింగులు వినిపిస్తాయి. సూట్‌లో నెమ్మదిగా సాగే భాగం, ఒక సరబాండ్, మొదలైనప్పుడు మా అమ్మాయి నిలబడిపోయింది, ఎడమచేతి వేళ్ళు కుడి ముంజేతి మీద నొక్కుతూ స్వరాలు వెతుక్కుంటోంది. "అమ్మా, ఈయన ఇక్కడ వేలు జరపట్లేదు, చాపుతున్నారు" అంది. అప్పటిదాకా సెల్లో విద్యార్థులు కుడి మోచెయ్యి ఒంటికి అతుక్కుని ఉండాలని చంకలో పుస్తకం పెట్టుకుని సాధన చేసేవారు. ఆయన చేతిని వదులు చేశారు, ఎడమచేత్తో సాగదీసి అందుకోవడం అలవాటు చేశారు. ఇవాళ అది పాఠంలో మామూలు విషయం.

1939లో సరిహద్దు దాటాక ఆయన ఈ ఇంట్లో మళ్ళీ కాపురం చెయ్యలేదు. 1955లో తన సహచరి ఫ్రాస్కీతా చనిపోతే, ఆవిడ కోరిక ప్రకారం ఎల్ వెండ్రెల్‌లో ఖననం చెయ్యడానికి ఒక్కసారి వచ్చి వెళ్ళారు. ఆ సైనిక తిరుగుబాటు గెలిచి నియంత అయిన ఫ్రాంకో ఉన్నంతకాలం స్పెయిన్‌లో ఉండనన్న మాట మీదే ఉండి 1973 అక్టోబర్ 22న ప్యూర్టోరికోలో, 96 ఏళ్ళ వయసులో పోయారు. ఫ్రాంకో ఆ తర్వాత రెండేళ్ళకి పోయాడు. 1979లో కజల్స్ అస్థికల్ని ఎల్ వెండ్రెల్ శ్మశానానికి తెచ్చారు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కిటికీల ముందు నిలబడి ఈ తేదీలు లెక్కేసుకుంటే గుండె బరువెక్కుతుంది.

బస విషయంలో మాత్రం సాంత్ సాల్వదోర్‌లో టెన్షన్ పడ్డాం. అక్టోబర్‌లో వెళ్ళాం కాబట్టి బీచ్ ముందు సగం హోటళ్ళకి షట్టర్లు వేసేశారు. అద్దెకి తీసుకున్న ఫ్లాట్ ఓనర్ ఫోన్ ఎత్తక, తాళం చేతికొచ్చేసరికి రాత్రి పది దాటింది. సీజన్ కానప్పుడు రిసెప్షన్‌లో మనిషి ఉండే చిన్న హోటల్ చూసుకోవడమే మేలు. మ్యూజియం వేళలు కూడా కాలాన్ని బట్టి మారతాయి, ముందు రోజు చూసుకోండి.

మోన్సెరాట్ కొండకి ఒక పగలు చాలు. బార్సిలోనా ప్లాసా ఎస్పాన్యా నుంచి రైలు, పైకి పళ్ళున్న పట్టాల మీద ఎక్కే రైలు లేదా కేబుల్ కారు. అక్కడి మఠంలో పాడే బాలుర బృందం కోసం కజల్స్ పాటలు కట్టారు. బృందం పాడే వేళ కనుక్కోకుండా ఎక్కితే సగం ప్రయాణం దండగ. పైన రాత్రి బస అవసరం లేదనిపించింది.

ప్రాద్‌కి బార్సిలోనా నుంచి పెర్పిన్యా దాకా హైస్పీడ్ రైలు, అక్కణ్ణుంచి లోయలోకి వెళ్ళే ప్రాంతీయ రైలు. షెంగెన్ వీసా ఒకటే సరిపోతుంది, పాస్‌పోర్టులు మాత్రం చేతిలో ఉంచుకోండి. రైలు మారడానికి గంటైనా వ్యవధి పెట్టుకోవాలి. ఊరి మీదికి 2,784 మీటర్ల కనిగు పర్వతం వాలి ఉంటుంది. వీధుల పక్క కాలిబాటలకి గులాబీ రంగు పాలరాయి పరిచారు. మేం దిగినప్పుడు వాన పడి ఆ రాళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి, జారుతున్నాయి కూడా.

ఇక్కడ కజల్స్ వైభవంగా బతకలేదు. చుట్టుపక్కల ఆర్జెలెస్, రివ్‌సాల్ట్ శిబిరాల్లో వేలాది స్పెయిన్ శరణార్థులు మగ్గుతుంటే వాళ్ళ కోసం ఉత్తరాలు రాశారు, బట్టలు, తిండి, డబ్బు పంపారు. జర్మన్ అధికారులు బెర్లిన్‌లో వాయించమంటే ఒప్పుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిత్రదేశాలు ఫ్రాంకోని కదిలించకపోయేసరికి కచేరీలే మానేశారు. ఆయన రాకపోతే మనమే వెళ్దామని వయొలిన్ విద్వాంసుడు అలెగ్జాండర్ ష్నైడర్ పూనుకుని, 1950లో, బాఖ్ పోయి 200 ఏళ్ళైన సందర్భంగా ఈ చిన్న ఊరికే సంగీతజ్ఞుల్ని తెచ్చారు. ఐజాక్ స్టెర్న్, రుడాల్ఫ్ సెర్కిన్, క్లారా హస్కిల్ లాంటివాళ్ళు వచ్చారు. సాఁ పియెర్ చర్చిలో కజల్స్ మొదటి సూట్ వాయించి ఉత్సవం తెరిచారు.

ఆ చర్చి ప్రవేశం ఉచితం. ఎదుట గోడంతా ఆక్రమించిన జోసెప్ సున్యెర్ బంగారు పూత చెక్క శిల్పాలు చీకటికి కళ్ళు అలవాటు పడ్డాకే కనిపిస్తాయి. మూడు కిలోమీటర్ల దూరంలో సాఁ మిషెల్ ద క్యుక్సా మఠం ఉంది, తర్వాతి ఏళ్ళలో ఉత్సవ కచేరీలు అక్కడికీ చేరాయి. ఎండలేని పూట నడిచి వెళ్ళొచ్చు. దాని స్తంభాల్లో చాలా భాగం న్యూయార్క్ మ్యూజియంలో ఉంది, మిగిలినవాటి మధ్యే అరగంట కూర్చున్నాం.

ప్రాద్‌లో బస చవక, మర్యాద బాగుంది, పెద్ద హంగులు ఆశించొద్దు. మేం దిగిన చిన్న హోటల్లో ఆవిడ, మా అమ్మాయి సెల్లో విద్యార్థిని అని తెలిసి, ఊరి మ్యాప్ మీద కజల్స్ ఉన్న ఇళ్ళు గుర్తు పెట్టి ఇచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కొట్లు మూసేస్తారు, రాత్రి ఎనిమిదిన్నర దాటితే భోజనం కష్టం. మంగళవారం సంత ఉంటుంది, పళ్ళూ చీజూ ఆ రోజే కొనుక్కోండి. శిబిరాల జ్ఞాపకార్థం 2015లో తెరిచిన రివ్‌సాల్ట్ స్మారకానికి కారు లేకుండా చేరడం ఇబ్బంది, పెర్పిన్యాలో కారు అద్దెకి తీసుకుంటే కలిసొస్తుంది.

ఆయన పేరిట జరిగే ఉత్సవం ఇప్పటికీ ఏటా జులై చివర, ఆగస్టులో ప్రాద్‌లో ఉంటుంది. సంగీతం వినాలనుకుంటే ఆ వారాలే సరైనవి, గది మాత్రం వసంతంలోనే పట్టేసుకోండి. అప్పుడు సాంత్ సాల్వదోర్ బీచ్ కిటకిటలాడుతుంది కాబట్టి అక్కడి మ్యూజియం పొద్దున్నే, తలుపులు తీసే వేళకి చూసి రావడం నయం.