గోడౌన్ స్లాట్ యాప్: రెండేళ్లు వాడాక

మేడ్చల్ వైపు ఒక పెద్ద గోడౌన్‌కు సరుకు తెచ్చే బండ్లన్నిటికీ టైమ్ ఈ యాప్‌లోనే ఇస్తారు. బండి నంబరు ఎక్కడ కొట్టాలి, ఎల్ఆర్ (లారీ రసీదు) ఫొటో ఎలా పెట్టాలి అన్నవి వాడేవాళ్లకు తెలిసినవే. నేను రాసేది అందులో ఉన్న ఒక్క రింగు గురించి. గేటు దగ్గర మన ముందు ఇంకా రెండు బండ్లే ఉన్నాయనగా ఫోన్ మోగుతుంది. ఆ రింగు నాకు చాలా ఇష్టం.

నాది సొంత బండి, పది టైర్లది. విజయవాడ ఆటోనగర్‌లో లోడు ఎత్తి ఇక్కడ దించుతాను. ఇల్లు హయత్‌నగర్. యాప్ రాకముందు గేటు దగ్గర సెక్యూరిటీ ఒక చీటీ మీద నంబరు రాసిచ్చేవాడు. పద్నాలుగో నంబరంటే రాత్రి పదకొండుకా, తెల్లారి ఐదుకా అన్నది ఎవరూ చెప్పలేరు. ముందు బండి పది అడుగులు జరిగితే మనమూ పది అడుగులు జరగాలి, లేకపోతే వెనకవాడు దూరిపోతాడు. కాస్త కునుకు పట్టగానే డోరు మీద కర్రతో టకటకా కొట్టి, "అన్నా, బండి ముందుకు తియ్" అనేవాళ్లు. పొద్దున్నే ఖాళీ చేసుకుని, అవే ఎర్రబడ్డ కళ్లతో మళ్లీ విజయవాడ రోడ్డెక్కేవాణ్ని. సూర్యాపేట దగ్గర రెండుసార్లు నిద్ర ముంచుకొచ్చి బండి డివైడర్ వైపు లాగింది. రెండుసార్లూ ఏమీ కాలేదు. కానీ ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

యాప్ వచ్చిన కొత్తలో ఒకరోజు బండిని డాబా పక్కన పెట్టి, కాళ్లు కడుక్కుని, చెప్పులు విప్పి సీటు వెనక బెర్త్ మీద పడుకున్నాను. ఫోన్‌ను తల దగ్గర చార్జింగ్‌కు పెట్టాను. నాలుగు గంటల పైనే నిద్రపోయాను. ఫోన్ మోగితే లేచి గేటు దగ్గరకు వెళ్లి చూశాను. నా ముందు సరిగ్గా రెండు బండ్లే ఉన్నాయి. గేటు దగ్గర అంతసేపు పడుకోవడం అదే మొదటిసారి. ఇంటికి ఫోన్ చేసి ఆ సంగతే చెప్పాను.

ఆ తర్వాత కొన్ని నెలలు కనబడిన ప్రతి డ్రైవర్‌కూ ఈ రింగు గురించి చెప్పాను. ఇప్పుడూ చెబుతాను గానీ, ఒక మాట కలిపి చెబుతాను. రింగు మోగాక మనకు దొరికేది పదిహేను నిమిషాలే. గంటల తరబడి ఆగిన బండిలో బ్రేకులకు కావలసిన ఎయిర్ దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేసి మీటర్‌లో ముల్లు పైకి ఎక్కేదాకా హ్యాండ్‌బ్రేక్ వదలదు. నా బండికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, లీకులున్న పాత బండ్లకైతే ఇంకా ఎక్కువ. అందుకే భోజనం బాగుండే ఆ డాబా మానేసి, గేటుకు కిలోమీటరు లోపే బండి పెడుతున్నాను. ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఇంకో సంగతి మొన్న సంక్రాంతి తర్వాత ఆదివారం తెలిసింది. శనివారం సాయంత్రం బిస్కెట్ల లోడు ఎత్తాను, దారిలో సరుకు వెంట ఉండాల్సిన జీఎస్‌టీ కాగితం, ఈ-వే బిల్లు కూడా అప్పుడే తీశారు. స్లాట్ ఆదివారం రాత్రి 9 గంటలకు. పొద్దున 11కి బయలుదేరాను. 5 గంటలకు నార్కట్‌పల్లి దాటుతున్నప్పుడు లెక్క చూసుకుంటే ఎనిమిదికే గేటు చేరతాను, స్లాట్‌కు ఇంకా గంట చేతిలో ఉంటుంది. స్లాట్ మార్చుకునే బటన్ నాలుగు గంటల ముందు వరకే పనిచేస్తుంది. అవసరం లేదనుకుని వదిలేశాను. చిట్యాల దగ్గర కార్లు ఆగిపోయి ఉన్నాయి. పండక్కి ఊరెళ్లినవాళ్లంతా ఆ రోజే హైదరాబాద్‌కు తిరిగొస్తున్నారు. పంతంగి టోల్ దాటేసరికి ఎనిమిదిన్నర. బటన్ చూస్తే బూడిద రంగులోకి మారిపోయింది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, గేటుకు చేరేసరికి 10:10. స్లాట్ తొమ్మిదిన్నరకే దానంతటదే క్యాన్సిల్ అయింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ మర్యాదగానే మాట్లాడాడు. "నా చేతిలో ఏం లేదన్నా, సిస్టమ్ తీసుకోదు" అన్నాడు. మళ్లీ దొరికిన స్లాట్ మంగళవారం పొద్దున 11కి.

ఆకలి, నిద్ర ఎలాగో ఓర్చుకోవచ్చు. టెన్షనంతా బిల్లు గురించే. ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. మా దూరానికి రెండు రోజులు వస్తాయి, అంటే సోమవారం అర్ధరాత్రితో గడువు అయిపోతుంది. అయిపోయాక బండి పట్టుబడితే పెనాల్టీ నా కిరాయి కంటే ఎన్నో రెట్లు. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు మాత్రమే పొడిగించుకోవచ్చు. అది నా ఫోన్‌లో అయ్యే పని కాదు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్లు చేయాలి. సోమవారం సాయంత్రం నాలుగు ఎప్పుడవుతుందా అని చూసి, అయిన దగ్గర్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాను. ఆరింటికి పని అయింది. సరుకుతో ఉన్న బండిని వదిలి ఇంటికి వెళ్లలేక 37 గంటలు క్యాబిన్‌లోనే ఉన్నాను. హయత్‌నగర్ అదే ఓఆర్ఆర్‌కు అటువైపు ఉన్నా పిల్లల ముఖం చూడలేదు. బండి ఆగిపోయినందుకు ఇచ్చే హాల్టింగ్ చార్జీ కూడా రాలేదు, ఎందుకంటే యాప్ కొత్త స్లాట్ టైమ్ నుంచే లెక్క కడుతుంది.

మామూలు రోజుల్లో మాత్రం అదే లెక్క నాకు మేలు చేస్తుంది. గేటులోకి ఎప్పుడు వచ్చాను, సరుకు దించే డాక్ నుంచి ఎప్పుడు బయటపడ్డాను అన్నది అందులో రికార్డవుతుంది. హమాలీలు లేక మూడు గంటలు ఆలస్యమైతే ఆ స్క్రీన్‌షాట్ పంపి డబ్బులు అడగగలుగుతున్నాను. ముందైతే నా నోటి మాట తప్ప రుజువు ఉండేది కాదు.

నాకైతే ఈ యాప్ కావాలి. ఒకే రూటు, తెలిసిన గోడౌన్, ఓఆర్ఆర్ బయటే పని. బేగంబజార్‌కో మలక్‌పేట గంజ్‌కో సరుకు వేసేవాళ్ల సంగతి వేరు. పగలు పెద్ద బండ్లను సిటీలోకి రానివ్వరు కాబట్టి వాళ్ల టైమ్ పోలీసుల మీద ఆధారపడుతుంది. నాగపూర్ అవతల నుంచి వచ్చేవాళ్లకు నాలుగు గంటల ముందు బటన్ ఏం ఉపయోగపడుతుందో నేను చెప్పలేను. ఆ బటన్‌ను కనీసం గంట ముందు వరకైనా తెరిచి ఉంచమని యాప్‌లోనే రెండుసార్లు రాశాను. ఇంకా మార్చలేదు. వచ్చే సంక్రాంతికి మాత్రం ఆదివారం స్లాట్ తీసుకోను. కిరాయి రెండు రోజులు ఆలస్యమైనా సరే, మంగళవారానికే పెట్టుకుంటాను.