ఇత్తడి గిద్ద, సోల, తవ్వ, మానిక సెట్లు కొనేవారికి హెచ్చరిక

ఆవకాయ రోజులు వస్తున్నాయని ఆన్‌లైన్‌లో ఇత్తడి కొలపాత్రలు కొనదలచినవారు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. సంప్రదాయ కొలతలని చెప్పి అమ్మిన ఒక సెట్టును నేను తెప్పించుకున్నాను. పాత్రల పనితనానికి వంక పెట్టలేము గాని, కొలతకు మాత్రం అవి పనికిరావు.

4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక అన్నది మన లెక్క. ఈ సెట్టులో నాలుగో గిద్ద సగమైనా పోయకముందే సోల పొర్లిపోగా, తవ్వ మాత్రం మూడు సోలలు పోసినా అంచు దాకా నిండలేదు. 16 గిద్దలకు నిండవలసిన మానికలో అంతకు రెట్టింపు కంటే ఎక్కువే పట్టింది.

ఫొటోలో వరుసగా అందంగా కనబడాలని ఒక్కో పాత్రనూ దాని ముందుదానికంటే ఒకటిన్నర రెట్లు ఎత్తుగా, వెడల్పుగా చేయడమే ఇందుకు కారణం. ఎత్తూ వెడల్పూ అలా పెరిగితే లోపల పట్టేది దాదాపు 3.4 రెట్లవుతుంది. అదే ఆకారంలో రెట్టింపు పట్టడానికి 1.26 రెట్లు చాలు. అంటే తవ్వ లోపలి ఎత్తు 10 సెంటీమీటర్లయితే మానికది 12.6 సెంటీమీటర్లే ఉండాలి. ఒకే ఆకారపు సెట్టులో మానిక తవ్వకంటే మరీ పెద్దదిగా కనబడితే అనుమానించండి.

తవ్వ ముక్కలకు గిద్ద ఉప్పు చొప్పున కలిపే ఇళ్లలో ఈ పాత్రలు వాడితే ఉప్పు దాదాపు మూడో వంతు తగ్గి, ఏడాదికి పెట్టుకున్న జాడీ బూజు పట్టే ప్రమాదముంది.

మానిక ఎంతన్నది ఊరినిబట్టి మారవచ్చు కనుక, లీటర్ల కంటే ముందు పాత్రల మధ్య నిష్పత్తినే చూడండి. బియ్యం గోపురంగా నిలుస్తాయి కాబట్టి నీళ్లతోనే పరీక్షించండి. వంటింటి కాటా మీద ఖాళీ పాత్ర పెట్టి, సున్నా చేసి, అంచు వరకూ నీళ్లు పోస్తే ఎన్ని గ్రాములు తూగితే సుమారుగా అన్ని మిల్లీలీటర్లు.

నేను అడిగితే అమ్మకందారు ఇవి అలంకరణ వస్తువులని జవాబిచ్చారు. ఆ మాట అమ్మకపు వివరాల్లో ఎక్కడా లేదు. అందువల్ల ఆర్డరుకు ముందే ప్రతి పాత్రా ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే కొనకండి. ఇప్పటికే కొన్నవారు రిటర్న్ గడువు దాటకముందే నీళ్లు పోసి చూసుకోండి. వెనక్కి తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.