సురక్షిత షేరింగ్ యాప్‌కి డబ్బు కట్టేముందు: లింకు ఆపేశాక ఫైలు నిజంగా మూసుకుందో లేదో చూసుకోండి

షేరింగ్ ఆపేసిన 17 రోజుల తర్వాత కూడా మా అమ్మ ఆపరేషన్ కాగితాలు ఇంటర్నెట్‌లో తెరుచుకుంటున్నాయి. లాగిన్ అడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. ఇది ఏదో ఉచిత యాప్‌లో జరగలేదు. ఫైళ్లు భద్రంగా పంచుకోవడానికని ఏడాది ప్లాన్ కట్టి మరీ తీసుకున్న యాప్‌లో జరిగింది. కట్టేముందు పది నిమిషాలు పెట్టి ఒక్క పరీక్ష చేసుంటే ముందే తెలిసిపోయేది. ఆ పరీక్ష ఏంటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

యాప్ పేరు కావాలనే రాయడం లేదు. పేరు చెబితే అదొక్కటీ మానేసి, ఇదే లోపం ఉన్న ఇంకోటి కొనుక్కునే ప్రమాదం ఉంది. లోపాన్ని పట్టుకునే పద్ధతి తెలిస్తే ఏ యాప్ కొన్నా పనికొస్తుంది.

అమ్మ ఆపరేషన్ అయ్యాక ఇంకో డాక్టరుకు కూడా ఒకసారి చూపిద్దామని అన్నయ్య అన్నాడు. కాగితాలన్నీ నా దగ్గరున్నాయి, అన్నయ్య దూరంగా ఉంటాడు, డాక్టరు ఇంకో చోట. చాట్‌లో ఫొటోలుగా పంపితే కుదించేస్తుంది, రిపోర్టులో అంకెలు అలికేసినట్టు అయిపోతాయి. పైగా ఒకసారి చాట్‌లో పడ్డది ఎన్ని ఫోన్లలో, ఎన్ని బ్యాకప్పుల్లో ఉండిపోతుందో ఎవరు చెప్పగలరు? అందుకే ఫోన్‌లోంచే క్లౌడ్‌లోకి ఎక్కించి, లింకు ఇచ్చి, పని అయ్యాక ఆపేసుకునే వీలున్న యాప్ కోసం వెతికాను. దొరికింది. 256 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (ఫైలును ఎవరూ చదవలేని అక్షరాలుగా మార్చి తాళం వేసే పద్ధతి) అని పెద్దక్షరాల్లో రాసుంది. లింకుకు పాస్‌వర్డ్, గడువు తేదీ, ‘చూడ్డానికి మాత్రమే’ అనే సదుపాయం, ఒక్క నొక్కుతో షేరింగ్ ఆపేయడం, అన్నీ ఉన్నాయి. అవి పెయిడ్ ప్లాన్‌లోనే వస్తాయి. నాకు కావలసింది అదే కదా అని కట్టేశాను.

‘అమ్మ రిపోర్టులు’ అని ఫోల్డరు చేసి 43 ఫైళ్లు ఎక్కించాను. స్కానింగులు, రక్త పరీక్షలు, డిశ్చార్జ్ సమ్మరీ, ఇన్సూరెన్స్ కార్డు రెండు వైపులా. పాస్‌వర్డ్ పెట్టి లింకు తయారుచేశాను. లింకు మెసేజ్‌లో పంపి, పాస్‌వర్డ్ ఫోన్ చేసి నోటితో చెప్పాను. డాక్టరు చూశారు, మందుల్లో చిన్న మార్పు చెప్పారు. ఆ రాత్రే షేరింగ్ ఆపేశాను. ‘ఈ లింకు ఇక పనిచేయదు’ అని యాప్ చూపించింది. నిజంగానే ఆ లింకు నొక్కితే తెరుచుకోలేదు. అక్కడితో ఆ సంగతి మర్చిపోయాను.

17 రోజుల తర్వాత అన్నయ్య ఫోన్ చేసి, “డిశ్చార్జ్ సమ్మరీలో ఆ రెండో మందు డోసు ఎంతని రాశారో చూస్తున్నానురా, సరిగా అర్థం కావట్లేదు” అన్నాడు.

“నీ దగ్గర కాపీ ఉందా అన్నయ్యా?”

“కాపీ ఏం లేదు. ఆరోజు నువ్వు పంపిన లింకులోంచి తెరిచాను కదా, ఆ ట్యాబ్ బ్రౌజర్లో అలాగే ఉండిపోయింది. ఇప్పుడే రిఫ్రెష్ కొట్టాను, వచ్చింది.”

ఆపేసింది ఎలా వస్తుంది? అడ్రస్ బార్‌లో ఉన్నది మొత్తం కాపీ చేసి పంపమన్నాను. అది నేనిచ్చిన లింకు కాదు. నాలుగైదు లైన్ల పొడవున అక్షరాలూ అంకెలూ కలిసిన వేరే చిరునామా. ఆ యాప్‌తో ఏ సంబంధమూ లేని పాత ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో విండో (పాత లాగిన్లు ఏవీ వాడని బ్రౌజర్ కిటికీ) తెరిచి అది అతికించాను. పేజీ పైనుంచి మెల్లగా గీసుకుంటూ వచ్చింది. ముందు ఆసుపత్రి ముద్ర, తర్వాత అమ్మ పేరు, పుట్టిన తేదీ, చేసిన ఆపరేషన్, అన్నిటికీ కింద అమ్మ సంతకం. ఆరోజు కుడిచేతికి సెలైన్ ఉంటే ఎడమచేత్తో పెట్టింది, చివరి అక్షరం వణికి పక్కకి జారిపోయింది. ఆ సంతకం నా అనుమతి లేకుండా, ఏ తాళమూ లేని కిటికీలో కనబడుతుంటే కాళ్లూచేతులూ ఆడలేదు.

వెంటనే యాప్‌లో ఆ ఫైలు డిలీట్ చేశాను. ఆ చిరునామా తెరుచుకుంది. ట్రాష్‌లోంచి కూడా తీసేశాను. తెరుచుకుంది. ఫోల్డరు మొత్తం తీసేసి మర్నాడు చూశాను. ఇంకా తెరుచుకుంది.

అసలు జరిగింది ఇది. మనం పంపే లింకు ఒక పేజీకి దారి. ఆ పేజీ పాస్‌వర్డ్ అడుగుతుంది, గడువు చూస్తుంది. అన్నీ సరిపోతే వెనకాల సర్వర్లో ఉన్న అసలు ఫైలు చిరునామాను బ్రౌజర్‌కి ఇస్తుంది. ఈ యాప్‌లో కాపలా అంతా ఆ పేజీ దగ్గరే. అసలు ఫైలు చిరునామాకు పాస్‌వర్డూ లేదు, గడువూ లేదు. వీధి తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టినట్టు. ‘షేరింగ్ ఆపండి’ నొక్కితే ఆగింది వీధి తలుపు ఒక్కటే.

ఇది పరిష్కారం లేని సమస్య కూడా కాదు. ఫైలు చిరునామాకే గడువు పెట్టే ఏర్పాటు నిల్వ సేవల్లో ఎప్పటినుంచో ఉంది. అమెజాన్ వాళ్ల నిల్వ సేవ ఎస్3లో అలా గడువు పెట్టి ఇచ్చే చిరునామాకు గరిష్ఠంగా 7 రోజులే ఆయుష్షు, కావాలంటే కొన్ని నిమిషాలకే చచ్చిపోయేలా ఇవ్వచ్చు. డబ్బు తీసుకుని భద్రత అమ్మేవాళ్లు ఈపాటి పని చేయకపోవడాన్ని నేను పొరపాటుగా తీసుకోలేకపోతున్నాను.

అంత పొడవు చిరునామా ఎవరికి తెలుస్తుందిలే అని కొందరు అనవచ్చు. కస్టమర్ కేర్ కూడా నాతో అదే అంది. తెలిసే దారులు చాలా ఉన్నాయి. అన్నయ్య బ్రౌజర్ హిస్టరీలో ఉంది. ఆ హిస్టరీ వేరే కంప్యూటర్‌తో సింక్ అయితే అక్కడా ఉంటుంది. ఎవరైనా ఆ చిరునామానే కాపీ చేసి ఇంకొకరికి పంపవచ్చు, వాళ్లకు దానికి పాస్‌వర్డ్ ఉండేదని కూడా తెలియదు. పెద్ద సేవలకే ఇలాంటి దెబ్బలు తగిలాయి. 2014లో డ్రాప్‌బాక్స్ ఒక లోపాన్ని బయటపెట్టింది. షేర్ చేసిన డాక్యుమెంటులో ఉన్న వెబ్‌సైట్ లింకును చదివేవాళ్లు నొక్కితే, ఆ డాక్యుమెంటు రహస్య లింకు ఆ వెబ్‌సైట్ వాళ్లకు తెలిసిపోయేది. 2016లో అమెరికాలోని కార్నెల్ టెక్ పరిశోధకులు మైక్రోసాఫ్ట్ వాళ్ల వన్‌డ్రైవ్ పొట్టి లింకుల్లో ఉండే ఆరక్షరాలను మార్చి మార్చి చూస్తూ, ఎవరో పంచుకున్న ఫైళ్ల దాకా వెళ్లిపోవచ్చని చూపించారు. 2021లో గూగుల్ డ్రైవ్ పాత లింకులు కొన్నిటికి అదనపు కీ జోడించింది, ఊహించి పట్టుకోవడం కష్టమవ్వాలని. లింకు ఎవరికీ తెలియదు అన్న ధైర్యం మీద అమ్మ కాగితాలు పెట్టలేం.

కస్టమర్ కేర్ సంగతి. మొదటి జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. “మీ ఫైళ్లు 256 బిట్ ఎన్‌క్రిప్షన్‌తో సురక్షితంగా ఉన్నాయి.” నేను స్క్రీన్ రికార్డింగ్ పంపాను, ఇన్‌కాగ్నిటో విండోలో తెరుచుకుంటున్నది స్పష్టంగా కనబడేలా. కాష్‌లో (త్వరగా తెరవడానికి సర్వర్లు తాత్కాలికంగా దాచుకునే కాపీలో) ఉండిపోయిందని, కొంతకాలానికి అదే పోతుందని అన్నారు. ఎంతకాలం అంటే జవాబు లేదు. రీఫండ్ అడిగితే 14 రోజులు దాటాయన్నారు.

ఆ ఎన్‌క్రిప్షన్ మాట గురించి కొనేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి, నేను పడిపోయింది ఇక్కడే. ఏఈఎస్ మంచి తాళమే, అందులో సందేహం లేదు. అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా తీసుకుంది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. అడగాల్సింది తాళం ఎంత గట్టిదని కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుందని. చాలా క్లౌడ్ సేవల్లో అది కంపెనీ దగ్గరే ఉంటుంది. సర్వర్లో ఫైలుకు తాళం వేసి ఉంటుంది, ఎవరైనా అడగగానే సర్వరే తాళం తీసి ఇస్తుంది. నా విషయంలో అడిగినవాళ్లు ఎవరో చూడకుండానే తీసి ఇచ్చింది. 256 కాదు, ఎన్ని బిట్లుంటే ఏం లాభం?

ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే వేరు. ఫైలు మన ఫోన్‌లోనే తాళం పడి బయల్దేరుతుంది, చెవి కంపెనీకి అందదు. మీ యాప్ అలాంటిదా కాదా అని పట్టుకోవడానికి ఒక తేలిక గుర్తు ఉంది. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కి, ఈమెయిల్‌కు వచ్చిన లింకు ఒక్కదానితో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోగానే, ఏ రికవరీ కీ అడగకుండా పాత ఫైళ్లన్నీ మామూలుగా తెరుచుకుంటున్నాయా? కొత్త ఫోన్‌లో చేసి చూడండి. తెరుచుకుంటే చెవి వాళ్ల దగ్గర కూడా ఉన్నట్టే. ఐక్లౌడ్‌లో 2022 డిసెంబరులో వచ్చిన అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఆన్ చేస్తే, ముందు రికవరీ కీ గానీ నమ్మకమైన మనిషిని గానీ పెట్టుకోమని అడిగేది అందుకే. ఆ తర్వాత మనం చెవి పోగొట్టుకుంటే ఆపిల్ కూడా తెరిచి ఇవ్వలేదు. ఆ ఇబ్బంది ఉందంటేనే అది నిజమైన తాళం.

ఇక ఆ పరీక్ష. ట్రయల్ నడుస్తుండగానే చేయండి, డబ్బు కట్టాక కాదు. ఏ రహస్యమూ లేని ఫొటో ఒకటి, పీడీఎఫ్ ఒకటి ఎక్కించండి. పీడీఎఫ్ ఎందుకంటే నా దగ్గర దొరికిపోయింది అదే. పాస్‌వర్డ్ పెట్టి లింకు చేసి, ఆ యాప్ లేని ఇంకో ఫోన్‌లో, అంతకన్నా కంప్యూటర్ అయితే ఇంకా మంచిది, ఇన్‌కాగ్నిటోలో తెరవండి. ఫైలు పెద్దగా కనబడేదాకా వెళ్లి అడ్రస్ బార్‌లో ఉన్నది కాపీ చేసుకోండి. ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ఇమేజ్ అడ్రస్ కూడా తీసుకోండి, డౌన్‌లోడ్ బటన్ ఉంటే దాని లింకు కూడా. ఇప్పుడు విండోలన్నీ మూసేసి కొత్త ఇన్‌కాగ్నిటోలో ఒక్కొక్కటీ అతికించండి. పాస్‌వర్డ్ అడగకుండా వచ్చేస్తే కొంచెం జాగ్రత్త పడాలి, కొన్ని నిమిషాల గడువున్న చిరునామా అయినా అలా రావచ్చు. తర్వాత యాప్‌లో షేరింగ్ ఆపేసి, గంట తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. మర్నాటికి కూడా వస్తోందంటే ఆ యాప్‌కి డబ్బు కట్టొద్దు. వాళ్లు ఏం చెప్పినా కట్టొద్దు.

ఇంకోటి కూడా అప్పుడే చూడండి. ఒక్క ఫైలు పంచుదామని నొక్కితే అది ఉన్న ఫోల్డరు మొత్తానికి లింకు వెళ్తోందేమో. చిన్న స్క్రీన్ మీద ఈ తేడా కనబడదు. అవతలి ఫోన్‌లో పైన ఉన్న వెనక్కి బాణం నొక్కితే ఎక్కడిదాకా వెళ్లనిస్తుందో తెలిసిపోతుంది.

‘చూడ్డానికి మాత్రమే’ అన్న మాటకు మరీ ఎక్కువ విలువ ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ తీయచ్చు, అది ఆపినా ఇంకో ఫోన్‌తో ఫొటో తీయచ్చు. అవతలివాళ్లు పొరపాటున డౌన్‌లోడ్ చేయకుండా ఆపుతుంది, అంతవరకే.

నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. మామూలు ఫైళ్లకు లింకు ఇవ్వడం మానేశాను. డ్రైవ్‌లో ‘ఎనీవన్ విత్ ద లింక్’ బదులు ‘రెస్ట్రిక్టెడ్’ ఉంచి, చూడాల్సినవాళ్ల ఈమెయిల్ పేరుపేరునా ఇస్తున్నాను. వాళ్లు లాగిన్ అవ్వాలి, అదొక్కటే కాస్త విసుగు. పేరు తీసేస్తే ఆ మనిషికి మూసుకుంటుంది. ఆసుపత్రి కాగితాలు, గుర్తింపు కార్డుల్లాంటివైతే ఫోన్‌లోనే క్రిప్టోమేటర్ అనే యాప్‌తో తాళం వేసి, ఆ తర్వాతే క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నాను. అది ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు), ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. సర్వర్ దొడ్డి తలుపు తీసి ఉన్నా వచ్చినవాళ్లకు దొరికేది అర్థంకాని అక్షరాల మూటే. ఇతరులకు పంచడానికి మాత్రం అది అంత వీలుగా ఉండదు, ఇంట్లో వాళ్లమే వాడుకుంటున్నాం.

ఇప్పటికే ఇలాంటి యాప్ కొనేసినవాళ్లకు ఒక మాట. కోపంలో యాప్ ముందే తీసేయకండి. ఫోన్‌లోంచి అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ప్లే స్టోర్‌లోకో ఫోన్ సెట్టింగుల్లోకో వెళ్లి విడిగా క్యాన్సిల్ చేయాలి. అకౌంట్ మూసేముందు పాత షేర్లన్నీ ఒక్కొక్కటీ తెరిచి, పైన చెప్పిన అసలు చిరునామాలు రాసి పెట్టుకోండి. అకౌంట్ పోయాక అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవడానికి మీ దగ్గర ఇంకే ఆధారమూ ఉండదు. నేను 43 ఫైళ్లలో 11 చిరునామాలే సంపాదించగలిగాను, మిగతావాటి సంగతి నాకు తెలిసే దారి లేదు.

ఆ 11నీ ప్రతి ఆదివారం చూస్తున్నాను. మొన్నటికి తొమ్మిది మూసుకున్నాయి. రెండు ఇంకా తెరుచుకుంటున్నాయి. అందులో ఒకటి అమ్మ సంతకం ఉన్న పేజీ.