ఐదేళ్లుగా మా ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్చు): ఏం పట్టుకుంది, ఎక్కడ విసిగించింది

మాది రాజమండ్రిలో 1994లో కట్టిన ఇల్లు. చాలా ఏళ్లపాటు మెయిన్ బోర్డులో పింగాణీ ఫ్యూజులే ఉండేవి. ఎగిరిపోయినప్పుడల్లా నాన్న చేతికందిన తీగ చుట్టేసేవారు. 2020 వానాకాలంలో ఓ పొద్దున వాషింగ్ మెషీన్ ముట్టుకున్న అమ్మకు చెయ్యి జిల్లుమంది. విప్పి చూస్తే ఆ సాకెట్‌కి ఎర్త్ తీగే కలపలేదు. దాన్ని కలిపించి, ఆ వారమే ఫ్యూజులు తీసేయించి ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు), వాటికి ముందు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను.

ఇది చేసే పని ఒక్కటే. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూస్తుంది. మనిషి ఒంట్లోంచో, తడి గోడలోంచో కొంత నేలకి పోతే, ఆ తేడా 30 మిల్లీయాంపియర్లకు చేరేసరికే కట్ చేసేస్తుంది. ఎంసీబీ అలా కాదు. అది వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు.

మొదటి నెల మాత్రం నరకం. హాల్లో ఫ్యాను వేస్తే చాలు, ఇల్లంతా చీకటి. పెట్టిన ఎలక్ట్రీషియన్ “పీసులోనే తేడా ఉంది సార్, ఇది తీసేసి డైరెక్ట్ చేసేద్దాం” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంకో పెద్దాయన వచ్చి, ఇన్వర్టర్ లైను న్యూట్రల్, మామూలు న్యూట్రల్ ఒకచోట కలిసిపోయి, తిరిగొచ్చే కరెంటు కొంత ఆర్‌సీసీబీని తప్పించుకుపోతోందని పట్టుకున్నారు. విడదీయడానికి ఒక పూట పట్టింది. పాత ఇళ్లలో చాలావరకు ఇదే గొడవ. కూలి ఆర్‌సీసీబీ ఖరీదుకన్నా ఎక్కువే అయింది!

మూడో ఏడు గీజర్ వేసినప్పుడల్లా ట్రిప్ అయ్యేది. మళ్లీ పాత తలనొప్పే అనుకుని నాలుగు రోజులు తిట్టుకున్నాను. చివరికి చూస్తే నీళ్లు కాచే ఎలిమెంట్ చిట్లి, కరెంటు నీళ్లలోకి లీకవుతోంది. ఆ నీళ్లతోనే అమ్మ రోజూ స్నానం చేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఇంటికంతటికీ ఒక్కటే పెట్టించడం నా పొరపాటు. మేం పెళ్లికి వెళ్లిన రెండు రోజుల్లో పిడుగుపాటుకి కాబోలు ట్రిప్ అయి, ఫ్రిజ్‌లో ఆవకాయ తప్ప అన్నీ పాడయ్యాయి. ఇప్పుడైతే ఫ్రిజ్ లైనుకి వేరే పెట్టిస్తాను. ఇంకోటి, ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే, నేలకి ఏమీ పోకపోతే, దీనికి తెలియదు.

 

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. గుర్తుండటానికి గ్యాస్ బండ మార్చిన రోజే నొక్కుతాను. టక్కున పడితే సరే, పడకపోతే మార్చాల్సిందే. అదే చేత్తో గ్యాస్ ట్యూబు మీద తేదీ కూడా చూస్తాను. మా ట్యూబుకి ఈ ఏడుతో ఐదేళ్లు నిండాయి, కొత్తది తెచ్చాను.